జాకెట్ వేసుకున్న ఫొటో పంపు

కృష్ణలంక, విజయవాడ

బుజ్జీ,

అమ్మ గుడికెళ్లింది. వచ్చేలోపు ఇది రాసేయాలి. నువ్వు శనివారం అమెరికాలో మిషిగన్ సరస్సు మీద పడవలో చేపలకి వెళ్తున్నట్టు తనకింకా చెప్పలేదు. నిన్న ఫోన్లో పక్కనే ఉంది కాబట్టి "ఆఁ, ఊఁ" అని ఊరుకున్నాను.

నాకైతే సంతోషంగానే ఉంది. మనింట్లో నా తర్వాత గాలం పట్టేది నువ్వొక్కదానివే. బందరు కాలవ గట్టు మీద ఎర్రలు గుచ్చమంటే మీ అన్నయ్య ముక్కు మూసుకునేవాడు, నువ్వు లాక్కుని గుచ్చేదానివి.

కానీ అక్కడ ఆ చెయ్యి పనికిరాదు. నీకు నేర్పింది కొర్రమీను పట్టు. కప్పని మింగేదాకా ఆగి ఒక్క గుంజు గుంజడం. అక్కడి వైట్‌ఫిష్ అనే చేపకి అలా గుంజావా, దాని మూతి చిన్నది, మెత్తనిది, చిరిగి ఊడిపోతుంది. అది అడుగున తిరుగుతూ చిన్న చిన్న పురుగుల్ని ఏరుకు తింటుంది. దారానికి కట్టిన గుండు నేలకి తగిలాక జానెడు పైకెత్తి ఉంచు. కొరికినప్పుడు లాగినట్టు ఉండదు, ఒక్కోసారి దారం బరువు తగ్గినట్టు, వదులైనట్టు అనిపిస్తుందట. అప్పుడు గుంజకుండా మణికట్టు కొంచెం ఎత్తి, రీలు నిదానంగా చుట్టు.

లేక్ ట్రౌట్ వేరే రకం. దానికి చల్లదనం కావాలి, ఇంచుమించు 10 డిగ్రీల నీళ్లు. ఎండలు ముదిరేకొద్దీ లోతుకి పోతుంది. ఎరని వెంటాడి వచ్చి పట్టుకుంటుంది, పట్టాక తల అటూ ఇటూ విదిలిస్తుంది. లోతు నుంచి పైకొచ్చేటప్పుడు పొట్టలోని గాలిని బుడగలు బుడగలుగా వదిలేస్తుందట! మన వాలుగ దగ్గర ఈ విద్య చూడలేదు నేను.

దీని చరిత్ర చదువుతుంటే ఇరిగేషన్‌లో ముప్ఫై ఏళ్లు చేసినవాణ్ణి కదా, మనసు కాలవ మీదికే పోయింది. నయాగరా జలపాతాన్ని తప్పించి ఓడలు పోవడానికి వెల్లండ్ కాలవ తవ్వారు. ఆ దారినే లాంప్రే అనే పాములాంటి జీవి పై సరస్సుల్లోకి ఎక్కింది. చేపకి అంటుకుని రక్తం పీలుస్తుంది. 1950ల నాటికి మీ మిషిగన్ సరస్సులో లేక్ ట్రౌట్ దాదాపు ఖాళీ. తర్వాత ఏళ్ల తరబడి చేపపిల్లల్ని తెచ్చి వదిలి నిలబెట్టారు. లైసెన్సు లేకుండా మాత్రం గాలం వెయ్యకు. ఎన్ని ఉంచుకోవచ్చో కూడా అడుగు.

ఇంక అసలు సంగతి. లైఫ్ జాకెట్ "సీటు కింద ఉంటుంది నాన్నా" అన్నావు. సీటు కింద ఉండి ఏం లాభం?

సీతానగరం వైపు పుట్టిలో లేచి నిలబడి వాలుగని లాగబోయి బోల్తా పడ్డ కథ నీకు వందసార్లు చెప్పాను, నవ్వించడానికి. అప్పుడు బతికి బట్టకట్టానంటే నీళ్లు గోరువెచ్చగా ఉండటం వల్ల. నువ్వెళ్లే ట్రావర్స్ బే అఖాతంలో కొన్ని చోట్ల లోతు 600 అడుగులట. జూన్‌లో కూడా నీళ్లు ఒళ్లు కొరికేస్తాయి. పడగానే ఊపిరి ఎగబీల్చుకుంటుంది, నోట్లోకి నీళ్లు పోతాయి. కాసేపటికి చేతులు కొంకర్లు పోతాయి. కాలవలో నేర్చిన ఈత అక్కడ ఎందుకూ కొరగాదు.

2017 నవంబరు 12 గుర్తుందా? మన కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు, చాలామందికి ఒంటి మీద జాకెట్లు లేవు. ఆ రాత్రి నువ్వు హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "నువ్వు పడవెక్కలేదుగా నాన్నా?" అని మూడుసార్లు అడిగావు. నేను నవ్వాను. ఇప్పుడు నవ్వు రావట్లేదు.

చేప దొరికితే పెద్దదాని కోసం ఆశపడకు. ముసలి లేక్ ట్రౌట్ కొవ్వులో విష రసాయనాల అవశేషాలు పేరుకుంటాయట. చిన్నది తెచ్చుకుని, వీపు వైపు, పొట్ట వైపు కొవ్వు తీసెయ్. దానికి పులుసే సరి. మామిడికాయ దొరక్కపోతే చింతపండు వెయ్, గరిటె పెట్టి కెలక్కుండా గిన్నెనే ఊపు. వైట్‌ఫిష్ వేపుడుకి బాగుంటుంది, ఉప్పు కారం పట్టించి అరగంట ఉంచితే చాలు.

గేటు చప్పుడైంది, అమ్మలా ఉంది. పడవెక్కగానే జాకెట్ బిగించుకుని ఫొటో పంపు. అది చూపించే అమ్మకి చెప్తాను. అప్పటిదాకా నువ్వు శనివారం లైబ్రరీకి వెళ్తున్నావు.

నాన్న