ఆర్‌ఎస్‌ఎస్ కూడి ర్యామ్ కొనిపించొద్దు

సంపాదకులకు నమస్కారం.

భీమవరం, తణుకు, అమలాపురం వైపు రైస్‌మిల్లుల్లో, రొయ్యల మేత డిపోల్లో బిల్లింగ్ సర్వర్ నెమ్మదిస్తే చాలు, పీఎస్ కమాండ్ (నడుస్తున్న ప్రోగ్రాములను, అంటే ప్రాసెస్‌లను చూపేది) కొట్టి ఆర్‌ఎస్‌ఎస్ అంకెలన్నీ (ఒక్కో ప్రాసెస్ పేరిట ర్యామ్‌లో ఎంత మెమరీ ఉందో చెప్పే లెక్క) కూడి "ర్యామ్ చాల్లేదు, ఇంకోటి వేయించండి" అనేవాళ్లున్నారు. లినక్స్‌లో ఆ కూడిక చెల్లదు, పంచుకున్న మెమరీ ప్రతి ప్రాసెస్ లెక్కలోనూ మళ్లీ మళ్లీ పడుతుంది.

ప్రాసెస్ ఫోర్క్ అయినప్పుడు, అంటే తనలాంటి పిల్ల ప్రాసెస్‌ని పుట్టించినప్పుడు, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) దాని మెమరీనంతా నకలు తీయదు. పేజీ టేబుళ్లు (ఏ పేజీ, అంటే ఏ మెమరీ ముక్క, ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పట్టికలు) రాసిచ్చి, ఆ ప్రాసెస్ సొంత పేజీలను ఇద్దరికీ చదవడానికి మాత్రమే అని గుర్తు పెడుతుంది. తల్లి గానీ పిల్ల గానీ రాయబోతే పేజ్ ఫాల్ట్ వస్తుంది, అంటే ప్రాసెసర్ ఆ రాత ఆపి కెర్నల్‌ని పిలుస్తుంది. అప్పుడు ఆ ఒక్క 4 కేబీ పేజీకే నకలు. అడంగల్ అందరూ చూస్తున్నా, దిద్దేవాడికి ఆ ఒక్క పుట విడిగా రాసిచ్చినట్టు.

600 ఎంబీ ప్రాసెస్‌కి 8 మంది వర్కర్లు (పని పంచుకునే పిల్ల ప్రాసెస్‌లు) పుట్టారనుకోండి. ఆర్‌ఎస్‌ఎస్ కూడితే దాదాపు 5.4 జీబీ తేలుతుంది. నిజంగా ఖర్చయ్యింది 1 జీబీ కూడా ఉండకపోవచ్చు. చూడాల్సింది పీఎస్‌ఎస్: పేజీని ఎంతమంది పంచుకుంటే అన్ని వాటాలు వేసి చెబుతుంది. ప్రాక్ (/proc) కింద ఆ ప్రాసెస్ నంబరు డైరెక్టరీలో, ఎస్‌మ్యాప్స్ రోలప్ (smaps_rollup) ఫైల్లో ఉంటుంది (కెర్నల్ 4.14 నుంచి). వర్కర్లు పుట్టగానే ఒకసారి, గంటసేపు బిల్లులు కొట్టాక ఇంకోసారి చూడండి.

పైథాన్ ప్రోగ్రాములైతే ఆ తేడా బాగా కనిపిస్తుంది. ఆబ్జెక్ట్‌ని ఊరికే చదివినా దాని రిఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎన్నిచోట్ల వాడుతున్నారో ఆ లెక్క) మారుతుంది, అంటే రాసినట్టే, పేజీ విడిపోతుంది. ఫోర్క్‌కి ముందు జీసీ ఫ్రీజ్ పిలిస్తే (3.7 నుంచి ఉంది) చెత్త ఏరే జీసీ ఆ పేజీలను ముట్టుకోదు, కౌంట్ల బెడద మాత్రం పోదు.

ర్యామ్ నిజంగానే చాలని చోటు వేరే ఉంది. మెమరీలోనే ఉండే డేటాబేస్ ఫోర్క్ చేసి స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా నకలు) తీస్తున్నప్పుడు రాతలు ఆగవు. వేర్వేరు పేజీల్లో ఉన్న 10,000 రికార్డుల్లో 200 బైట్ల చొప్పున మారిస్తే మారింది 2 ఎంబీ, నకలైంది 40 ఎంబీ. 4 జీబీ మెషిన్లో 3 జీబీ డేటా ఉండి, దాళ్వా కోతల రోజుల్లో ధాన్యం ఎంట్రీలు ముమ్మరంగా పడే సాయంత్రం స్నాప్‌షాట్ మొదలై, సగం పేజీలు మారాయంటే ఇంకో 1.5 జీబీ కావాలి. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) కూడా లేకపోతే ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రాసెస్‌ని చంపే కెర్నల్ భాగం) సాధారణంగా పెద్ద ప్రాసెస్‌నే, అంటే ఆ డేటాబేస్‌నే చంపుతుంది. ఓవర్‌కమిట్ మెమరీ (ఉన్నదానికంటే ఎక్కువ మెమరీ అడిగినా కెర్నల్ ఒప్పుకునేలా చేసే సెట్టింగు) 1 పెట్టమని చెప్పేవాళ్లున్నారు. పెట్టాల్సిందే, లేకపోతే ఫోర్కే విఫలం కావచ్చు. కానీ దానితో కొత్త పేజీలేం పుట్టుకురావు. స్నాప్‌షాట్‌ని తెల్లవారుజామున 2 గంటలకు మార్చండి. ఆ వేళా ఎంట్రీలు పడే మిల్లయితే అప్పుడు ర్యామ్ కొనండి.

- సర్వర్ల నిర్వహణ చూసే కొందరు, భీమవరం