గొడవ దేవుడి గురించేనా?

ఎడిటర్ గారికి,

దేవుడి మీద నమ్మకం వేరు, మా శాఖే అసలుది అనే పంతం వేరు, ఈమధ్య రెండూ కలిపేసి మాట్లాడేస్తున్నారు. జెరూసలేంలో క్రీస్తు సమాధి ఉందని నమ్మే చర్చి సంగతే చూడండి, ఆరు క్రైస్తవ శాఖలు దాన్ని పంచుకుంటాయి, ఏ మూల ఎవరిది, ఎవరి ప్రార్థన ఏ టైముకి అనేది ఇప్పటికీ ఒట్టోమాన్ (టర్కీ) సుల్తానుల కాలం నాటి ఏర్పాటే. కిటికీ కింద గోడ అంచు మీద ఓ చెక్క నిచ్చెన 18వ శతాబ్దం నుంచీ ఉంది, తీయాలంటే అందరూ ఒప్పుకోవాలి, ఒప్పుకోరు! మధ్యలో ఎవరో దాచేసినా మళ్లీ తెచ్చి అక్కడే పెట్టారు. 2008లో ఆర్మేనియన్, గ్రీకు సన్యాసులు లోపలే కొట్టుకుంటే పోలీసులొచ్చి విడదీశారు. తాళంచెవి మాత్రం తరతరాలుగా ఓ ముస్లిం కుటుంబం దగ్గర, తలుపు తీసేది ఇంకో ముస్లిం కుటుంబం (పాపం వాళ్లకి ఈ శాఖల పేచీతో పనిలేదు).

పూజ ఎవరి పద్ధతి వాళ్లది, నాకేం అభ్యంతరం లేదు, కానీ ఆ పంతాన్నే అద్దె ఇంటి దగ్గరికీ ఉద్యోగం దగ్గరికీ ఓటు దగ్గరికీ మోసుకొస్తేనే చిరాకు. మీ పేపర్ కూడా "రెండు వర్గాల మధ్య ఉద్రిక్తత" అని హెడ్డింగ్ పెట్టేసేముందు, అసలు గొడవ స్థలం కోసమా, పెత్తనం కోసమా, డబ్బు కోసమా అని కాస్త కనుక్కుని రాయండి సార్.

- ఒక పాఠకుడు