మట్టిలో కలుస్తుందన్న సంచి మా పెంటగుంతలో కలవలేదు

సంపాదకుడికి,

అయ్యా,

దేవరకొండ దగ్గరి పల్లెలో మాకు కొద్దిపాటి బత్తాయి తోట ఉంది. నిరుడు దీపావళికి పట్నంలో బట్టలు కొంటే లేత ఆకుపచ్చ సంచిలో పెట్టి ఇచ్చారు. 'ఇది ప్లాస్టిక్ కాదు, మట్టిలో కలిసిపోతుంది' అన్నారు. నమ్మి, పేడతోపాటు పెంటగుంతలో వేశాను. వానలకు ముందు ఎరువు తోలుదామని తవ్వితే, పేడ నల్లగా పొడిపొడిగా మారింది గానీ సంచి చేతికి తగిలింది. అంచులు కాస్త పెళుసుబారాయి. దాని మీది అక్షరాలు ఇంకా చదవవచ్చు. సర్టిఫికెట్ నంబరు కూడా ఉంది కాబట్టి నకిలీ అనుకోలేను.

ఫార్మసీ చదువుతున్న మా అమ్మాయిని అడిగితే అసలు సంగతి తెలిసింది. ఇలాంటి సంచుల్లో పాలీలాక్టిక్ యాసిడ్ అనే పదార్థం కలుపుతారట. మొక్కజొన్న పిండి నుంచి, చెరకు నుంచి వచ్చే చక్కెరను పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం తీస్తారు. పాలు తోడుకున్నప్పుడు పుట్టేదీ ఆ ఆమ్లమే. దాన్ని గొలుసులుగా కలిపితే ప్లాస్టిక్ అవుతుంది. ఆ గొలుసులు చకచకా తెగాలంటే తేమతోపాటు 58 డిగ్రీల దాకా వేడి వారాల తరబడి నిలవాలి. పెద్ద కంపోస్టు కేంద్రాల్లో అది సాధ్యం. మా గుంతలో ఆ వేడి ఎక్కడ నిలుస్తుంది? చెరువులోనో కాలువలోనో పడితే ఏళ్ల తరబడి ఉంటుంది.

ఈ పదార్థాన్ని నేను తప్పుపట్టడం లేదు. మా నాన్నగారికి ఆపరేషన్ చేసినప్పుడు లోపల వేసిన కుట్లు విప్పాల్సిన పని పడలేదు. ఆ దారం కూడా ఈ రకం పదార్థంతో చేసిందే. గ్లైకోలిక్, లాక్టిక్ ఆమ్లాలతో చేసిన దారాన్ని ఒంట్లోని నీరే నెమ్మదిగా విడగొడుతుంది, రెండు మూడు నెలల్లో జాడ ఉండదు. విరిగిన ఎముకలను పట్టి ఉంచే మరలు కూడా వీటితో చేస్తారు, తీయడానికి మళ్లీ కోత అక్కర్లేదు. దారంలో గ్లైకోలిక్ ఆమ్లం వాటా ఎక్కువ కాబట్టి త్వరగా కరుగుతుంది. సంచి తయారీ వేరు, దానికి కావలసిన చోటు వేరు. ఆ మాట కొనేవాడికి చెప్పేవారు లేరు.

2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిని దేశమంతటా నిషేధించారు. క్యారీ సంచులు కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలన్న నిబంధన కంపోస్టులో కరిగే ఇలాంటి సంచులకు వర్తించదు. అందుకే అంగళ్లలో ఇవి పెరుగుతున్నాయి. నంబరే లేని సంచులు కూడా ఆకుపచ్చ రంగు వేసుకుని వస్తున్నాయి. మా ఊళ్లో పశువులకు ఆ తేడా ఏం తెలుస్తుంది?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మున్సిపాలిటీలు ఈ సంచులను తడి చెత్త బండిలో తీసుకుంటాయా, తీసుకుంటే తగిన వేడి నిలిచే కంపోస్టు కుప్పలు ఎక్కడున్నాయి అన్నది వార్డుల్లో బోర్డు పెట్టి చెప్పాలి. 'ఇంటి గుంతలో కరగదు' అని సంచి మీదే తెలుగులో అచ్చు వేయించాలి. టమాటా, పుచ్చ మడుల్లో పరిచే మల్చింగ్ షీట్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కంపోస్టులో కరుగుతుందన్న ముద్ర చూసి చేలో వదిలేస్తే ముక్కలు మట్టిలోనే మిగులుతాయి. చేలోని మట్టిలో కరుగుతుందని విడిగా పరీక్షించిన షీటో కాదో వ్యవసాయ శాఖ వారు పంట మొదలుకాకముందే మాకు చెప్పాలని కోరుతున్నాను.

– ఒక బత్తాయి రైతు,
దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా