‘ఉంబెర్తో డి.’ కేంద్రంగా సాగిన ఏడాది: ఫిల్మ్ సొసైటీ వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశం తీర్మానించినట్టు, నెలకో కొత్త సినిమా వేసే పద్ధతిని ఈ ఏడాది పక్కన పెట్టి, వితోరియో డె సీకా దర్శకత్వంలో 1952లో విడుదలైన ఇటాలియన్ చిత్రం ‘ఉంబెర్తో డి.’ మీదనే మన కార్యక్రమాలను కేంద్రీకరించాం. దానికి పూర్వరంగంగా ‘షూషైన్’ (1946), ‘బైసికిల్ థీవ్స్’ (1948), ‘మిరకిల్ ఇన్ మిలాన్’ (1951) వరుసగా ప్రదర్శించాం. ఈ నాలుగింటి రచనలోనూ చెజారె జవత్తీని చేయి ఉంది. దర్శకుణ్ణి తలుచుకున్నప్పుడల్లా ఆ రచయితనూ తలుచుకోవాలన్నది ఈ ఏడాది చర్చలన్నిటిలో స్థిరపడిన అభిప్రాయం.

కథ చాలా చిన్నది. రోమ్ నగరంలో పింఛను చాలని ఉంబెర్తో అనే విశ్రాంత ఉద్యోగి, అద్దె బకాయి తీర్చలేక, ఫ్లైక్ అనే కుక్కతో సహా వీధిన పడే స్థితికి వస్తాడు. పింఛను పెంచమంటూ వృద్ధులు చేసే ఊరేగింపును పోలీసులు చెదరగొట్టడంతో సినిమా మొదలవుతుంది. మన సభ్యులలో పింఛనుదారులు ఎక్కువ కనుక, ఆ మొదటి దృశ్యం దగ్గరే చర్చ చాలాసేపు ఆగిపోవడం సహజమే.

అన్నిటికన్నా ఎక్కువ సమయం వంటింటి దృశ్యానికి కేటాయించాం. ఉంబెర్తో అద్దెకుండే ఇంటి పనిపిల్ల మరియా తెల్లవారుజామున నిద్రలేచి, అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగిస్తుంది; గోడ మీది చీమలను నీళ్లతో తరుముతుంది; గర్భవతినన్న సంగతి గుర్తొచ్చి తన పొట్ట వైపు చూసుకుంటుంది; కూర్చుని కాఫీ గింజలు పొడి చేస్తూ, లేవకుండానే కాలు చాచి తలుపు మూయబోతుంది. మాటలు లేవు, కథలో మలుపూ లేదు. అయినా ఆ పిల్ల బతుకంతా ఆ కొద్ది నిమిషాల్లో మనకు తెలిసిపోతుంది. మామూలు మనిషిని వెన్నంటి నడిచి, అతని రోజును రోజుగానే చూపాలన్న జవత్తీని ఆశయం ఇంత సంపూర్ణంగా నెరవేరిన చోటు మరొకటి లేదని నా నమ్మకం. ఆ పాత్ర వేసిన మరియా పియా కసీలియోకు ఇదే తొలి చిత్రం.

ఉంబెర్తోగా కనిపించే కార్లో బత్తీస్తి కూడా నటుడు కాడు, భాషాశాస్త్ర ఆచార్యుడు. రోమ్‌లోని ప్రాచీన కట్టడం పాంథియన్ ముందు అడుక్కోవడానికి చాచిన అరచేతిని, ఎవరో డబ్బు వేయబోయేసరికి, వాన పడుతోందేమో చూస్తున్నట్టు ఆయన తిప్పేసిన తీరు చూసి హాలంతా నిశ్శబ్దమైపోయింది. చేయి చాచలేని మర్యాదస్థుడి అవస్థను ఇంతకన్నా సూటిగా చూపడం కష్టం.

తన తండ్రి ఉంబెర్తోకు అంకితమిచ్చిన ఈ చిత్రాన్ని డె సీకా ఎంతో ప్రేమించాడు. అయినా ఇటలీలో అది ఆర్థికంగా దెబ్బతింది. ప్రభుత్వంలో సినిమా వ్యవహారాలు చూస్తున్న జూలియో ఆంద్రెయోత్తి, ఇటువంటి చిత్రాలు దేశాన్ని తప్పుగా చూపుతాయని బాహాటంగా విమర్శించాడు. ఆ విమర్శపై సభ్యులు వాడిగానే వాదించుకున్నారు. పేదరికం ఉన్న దేశానికి దాన్ని చూపించినవాడు కీడు చేసినట్టు కాదన్నదే కార్యవర్గ అభిప్రాయం.

1952లోనే భారత తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై మద్రాసుకూ వచ్చింది. అప్పటికి తెలుగు చిత్ర పరిశ్రమ ఉన్నది మద్రాసులోనే. ఆ చలనచిత్రోత్సవంలో ‘బైసికిల్ థీవ్స్’ ప్రదర్శన మన దేశపు దర్శకులను ఎలా కదిలించిందన్న అంశంపై ఒక సాయంత్రం ప్రసంగం ఏర్పాటు చేశాం.

సంభాషణలకు తెలుగు ఉపశీర్షికలు తయారుచేసిన సభ్యులకు కార్యవర్గం కృతజ్ఞతలు తెలుపుతోంది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. వచ్చే ఏడాదికి మికెలాంజెలో ఆంతొనియోని 1960లో తీసిన ‘లావెంతూరా’ను కేంద్రంగా తీసుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తూ, సభ్యుల ఆమోదాన్ని కోరుతోంది.

కార్యదర్శి