రసీదు పుస్తకంలో సంతకం

అమలాపురం,
ఆగస్టు, శనివారం రాత్రి

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన ఫొటో చూసి ముందు ముడుపులనుకున్నాను. చర్చి ఇనుప కంచె నిండా రంగురంగుల రిబ్బన్లు వేలాడుతుంటే, మనవైపు చెట్టుకి గుడ్డపీలికలు కట్టినట్టు ఎవరో మొక్కుకున్నారు కాబోలు అనుకున్నా. చెల్లెమ్మ వాయిస్ మెసేజ్ విన్నాక గాని బోధపడలేదు. చిన్నప్పుడు ఫాదర్ల చేతుల్లో, బ్రదర్ల చేతుల్లో నలిగిపోయినవాళ్ల కోసం మీ ఆస్ట్రేలియాలో, ఆ బల్లారట్ ఊళ్లో 2015 నుంచి అలా కడుతున్నారట కదా. ఆ ఫొటో కింద నువ్వు ఒక్క ముక్క రాశావు: "మన దగ్గరైతే డబ్బు ఎవడు కడతాడ్రా?" దానికి జవాబు వాట్సాప్‌లో పట్టదు. అందుకే కాగితం తీశాను.

తీరిక కూడా దొరికింది లే. ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులకి వచ్చేశాయి, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు. గోదావరి దాటించే పంట్లు ఆపేశారు, లంకల నుంచి క్లయింట్లు ఎవరూ రావట్లేదు. మా ఆవిడ ఉల్లిపాయ పకోడీ వేసి పెట్టి, "మీ ఫ్రెండుకి రాయడం మొదలెడితే తెల్లారుతుంది" అని పడుకుంది.

నా సంగతి నీకు తెలుసుగా. పాతికేళ్లుగా మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఎంవీఓపీల మీదే. అదే, యాక్సిడెంటు నష్టపరిహారం కేసులు. లారీ డ్రైవరు గుద్దుతాడు, ఓనరు ఆ టైముకి ఇంట్లో గుర్రు పెట్టి నిద్రపోతుంటాడు. అయినా కట్టాల్సింది ఓనరే, ఆయన తరఫున ఇన్సూరెన్సువాళ్లు. ఓనరు బోనెక్కి చెప్పేమాట ఎప్పుడూ ఒకటే. "ఆడు మా డ్రైవరు కాదండి, ఆ రోజు ఊరికే తీసుకెళ్లాడండి." నేను అడిగేదీ ఒకటే. "మరి తాళం ఎవరిచ్చారండి?" దీన్నే మేం వికేరియస్ లయబిలిటీ అంటాం. పేరు పెద్దది గాని సంగతి చిన్నదే. పాలేరు గేదెల్ని వదిలేసి పక్కోడి చేను మేపేస్తే తగువు కామందు గుమ్మంలోకే వచ్చేది కదా. లారీ విషయంలో అందరికీ తెలిసిన ఈ న్యాయం గుడికీ, చర్చికీ, మదరసాకీ, ఆశ్రమానికీ వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు.

జూన్‌లో ఒకావిడ నా ఆఫీసుకొచ్చింది. ఏ ఊరో చెప్పను. ఏ మతం సంస్థో అసలే చెప్పను, అడక్కు. పిల్లాడి ఆనవాళ్లు బయటపడకూడదని చట్టం, అందుకని నీకు రాసేటప్పుడు కూడా నాలుగు వివరాలు మార్చాను. పీచు మిల్లులో పని ఆవిడకి. పని మధ్యలో వచ్చినట్టుంది, చీరకొంగు నిండా పీచు పోగులే. క్యారీబ్యాగులో ఎఫ్ఐఆర్ కాపీ, ఆధారు, ఆసుపత్రి కాగితాలు. కొడుకు ఆ సంస్థవాళ్ల హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. బడిలో ఒక టీచరమ్మ కనిపెట్టి కంప్లైంటు ఇప్పించింది. హాస్టల్లో పిల్లాడి మీద అత్యాచారం చేసినవాణ్ణి అరెస్టు చేశారు, వాడు బెయిలు మీద బయటికొచ్చాడు. అక్కడిదాకా అయ్యాక ఊళ్లో పెద్దలు స్టాంపు పేపరు పట్టుకుని ఈవిడ ఇంటికెళ్లారు.

కూర్చోగానే ఆవిడ అడిగింది, "మగపిల్లోడికి కేసు నిలబడదంట కదా బాబూ?" అని. 

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పిల్లల మీద లైంగిక నేరాల కోసం పెట్టిన పోక్సో చట్టం 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడే అమల్లోకొచ్చింది. దాని ముందు ఆడపిల్లా మగపిల్లాడా అన్న తేడా లేదు, పద్దెనిమిది నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే. పెద్దలు తెచ్చిన స్టాంపు పేపరు పకోడీలు కట్టుకోవడానికి తప్ప పనికిరాదని కూడా చెప్పాను. రాజీ కుదిరిందని పోక్సో కేసు కొట్టెయ్యడానికి వీల్లేదని 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. రాజస్థాన్‌లో ఒక టీచరు మీద కేసది. తండ్రి రాజీ పడ్డాడని హైకోర్టు కొట్టేస్తే, మళ్లీ నడపమని పంపింది.

తమాషా చూడు, ఆ తర్వాత వారం తిరక్కుండానే, అదే నవంబరు 13న, మీ హైకోర్టు బల్లారట్ డయోసిస్‌ని, అంటే ఆ చుట్టుపక్కల క్యాథలిక్ చర్చిలన్నిటినీ చూసే బిషప్పు పాలనని, వదిలేసింది. (మీ హైకోర్టంటే మా సుప్రీంకోర్టు అని నువ్వు నాకు పాఠం చెప్పక్కర్లేదు లే.) పోర్ట్ ఫెయిరీలో 1971లో అయిదేళ్ల పిల్లాడు. ఇంటికొచ్చిపోయే అసిస్టెంట్ ప్రీస్టు. కింది కోర్టులు రెండూ డయోసిస్ కట్టాల్సిందే అన్నాయి. పైవాళ్లు మాత్రం ప్రీస్టు ఉద్యోగి కాడు, ఉద్యోగి కానివాడి తప్పుకి వికేరియస్ లయబిలిటీ రాదన్నారు. చదివి కాసేపు ఫ్యాను కేసి చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే సరిగ్గా అదే మాట నా ఆఫీసులో నా ఎదురుగా కూర్చుని ఒకాయన అప్పటికే చెప్పి ఉన్నాడు.

ఆయన ఆ సంస్థ కార్యదర్శి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. మర్యాదస్తుడే, అబద్ధం ఎందుకు. కాఫీ కూడా తాగాడు. "వాడు మా ఉద్యోగి కాదండి లాయరుగారూ. సేవ చేస్తానని వచ్చాడండి. మా రిజిస్టర్లో పేరు లేదు, పైసా జీతం లేదండి. వాడు చేసిన పాపం వాడిది, మా సంస్థని లాగకండి. పెద్ద పేరున్న సంస్థ. నలుగురు పిల్లలు చదువుకుంటున్నారు, మూతపడితే ఆ పాపం మీకే తగుల్తుంది" అన్నాడు.

బోనులో లారీ ఓనరే మళ్లీ వచ్చి కూర్చున్నట్టనిపించింది నాకు.

ఇంగ్లండు సుప్రీంకోర్టు 2012లో ఈ వాదనని నిలబెట్టి కడిగేసింది. మార్కెట్ వెయిటన్ అనే ఊళ్లో ఒక బడి. అక్కడ చదువు చెప్పిన డి లా సాల్ అనే క్యాథలిక్ మఠం బ్రదర్ల చేతుల్లో నలిగామని 170 మంది దావా వేశారు. బ్రదర్లకి ఆ మఠంతో ఉద్యోగ ఒప్పందం లేదు, పైగా సంపాదించింది ఎదురు మఠానికే ఇచ్చెయ్యాలి. అయినా కోర్టు ఏమందంటే, కాంట్రాక్టు బదులు ప్రమాణం ఉండటం వల్ల బంధం పల్చబడలేదు, మామూలు ఉద్యోగం కంటే బిగిసింది అని. కట్టమంది. కెనడావాళ్లు అంతకుముందే, 1999లో, ఇంకా లోతుకెళ్లారు. పిల్లలకి స్నానం చేయించడం, పడుకోబెట్టడం ఒకడి చేతిలో పెట్టావంటే ఆ ప్రమాదాన్ని పుట్టించింది నువ్వే, లాభం కోసం నడపని సేవాసంస్థనంటే కుదరదు అన్నారు. నాకైతే ఈ కెనడా మాట నచ్చుతుంది. జీతం ఇచ్చావా లేదా అన్నది కాదు అడగాల్సింది. పిల్లల గది తాళం వాడికి ఎవరిచ్చారు, అదీ ప్రశ్న. మీ హైకోర్టు తీర్పు నాకు మింగుడుపడలేదు. నువ్వా దేశం పౌరుడివైపోయావు గనక కోపం తెచ్చుకోకు.

రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ ఒక కాగితం తెచ్చింది. సంస్థ వార్షికోత్సవానికి తను ఇచ్చిన వంద రూపాయల చందా రసీదు. దేవుడి పటం దగ్గర పెట్టుకుందట, పసుపు మరక కూడా ఉంది. పైన సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. కింద గుండ్రటి రబ్బరు స్టాంపు. దాని పక్కన "సంస్థ తరఫున" అని అచ్చు, ఆ అచ్చు కింద సంతకం. ఎవడిదనుకున్నావు? వాడిదే. రిజిస్టర్లో పేరులేనివాడు రసీదు పుస్తకంలో సంస్థ తరఫున సంతకాలు పెడుతున్నాడు. రాత్రి తొమ్మిదికి హాస్టలు తలుపు తాళం వేసేదీ, పొద్దున తీసేదీ వాడేనని పిల్లలు చెప్పారట. చందాకి మనవాడు, నేరానికి పరాయివాడు. ఆ రసీదు ఇప్పుడు నా సొరుగులో, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది.

ఇక నీ అసలు ప్రశ్న. మన చట్టం మనిషిని పట్టుకోవడంలో గట్టిదే. మతసంస్థ మేనేజ్‌మెంటులోనో స్టాఫులోనో ఉన్నవాడు ఆ సంస్థలోనే పిల్లల మీద అత్యాచారం చేస్తే పోక్సో 5వ సెక్షను కింద అది మామూలు నేరం కాదు, తీవ్రమైనది. 2019 సవరణ తర్వాత కనీసం ఇరవై ఏళ్లు. తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం కూడా నేరమే. సంస్థ ఏ పేరుతో ఉన్నా సరే, తన కింద పనిచేసేవాడి సంగతి దాచిపెట్టిన పెద్దకి ఏడాది దాకా జైలు, జరిమానా. ఏడాదేరా! నాకు నవ్వొస్తుంది. అదైనా ఎంతమందికి పడుతుందంటావు? 2018లో జోధ్‌పూర్ కోర్టు ఆశారాంకి యావజ్జీవం వేసినప్పుడు గురుకులం డైరెక్టరుకీ, హాస్టలు వార్డెనుకీ కూడా ఇరవయ్యేసి ఏళ్లు పడ్డాయి. కుట్రలో వాళ్ల చెయ్యుందని తేలబట్టి. 2019లో కేరళలో కొట్టియూర్ కేసులో మాత్రం ఫాదర్‌కి శిక్ష పడింది, దాచిపెట్టారని పెట్టిన మిగతావాళ్లందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

డబ్బు దగ్గరికొస్తే మనది ఇంకో దారి. స్పెషల్ కోర్టు పరిహారం ఇప్పిస్తుంది, కేసు నడుస్తుండగానే మధ్యంతరంగా కూడా ఇప్పిస్తుంది, కాని అది కట్టేది రాష్ట్ర ప్రభుత్వం. అంటే నువ్వూ నేనూ కట్టిన పన్ను. పీచు మిల్లులో ఆవిడ కొనే సబ్బుబిళ్ల మీద పన్ను కూడా అందులోదే. సంస్థ స్థలం, సంస్థ భవనం, సంస్థ హుండీ చెక్కుచెదరవు. సంస్థ మీద సివిల్ దావా వెయ్యచ్చు, వెయ్యద్దని ఎవరూ అనలేదు. కానీ కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్లూ పూళ్లూ తిరగాలి. దానికి తోడు ఎవరి మీద వెయ్యాలి? నేను కాగితాలు తీయించాను. స్థలం ఒక పెద్దాయన పేరున ఉంది, హాస్టలు సొసైటీ పేరున, బ్యాంకు ఖాతా ట్రస్టు పేరున. మీ దగ్గర 2007లో జాన్ ఎల్లిస్ అనే ఆయన ఇక్కడే దెబ్బతిన్నాడు. చర్చి ఆస్తులున్న ట్రస్టుకి ప్రీస్టు చేసినదానితో సంబంధం లేదు, చర్చి అనే దానికేమో విడిగా చట్టపరమైన ఉనికే లేదు అన్నారు. ఎవరి మీదా వెయ్యడానికి లేకుండా పోయింది. ఆ కన్నం పూడ్చడానికి మీ విక్టోరియా రాష్ట్రంవాళ్లు 2018లో విడిగా చట్టం చేసుకున్నారు. మన దగ్గర గుళ్లో దేవుడు కూడా చట్టం దృష్టిలో ఒక మనిషే, ఆయన పేరున ఆస్తి ఉంటుంది, ఆయన తరఫున దావా వెయ్యచ్చు. అంత తెలివైన చట్టం మనది! హాస్టలు నడిపేవాణ్ణి పట్టుకోవాలనేసరికి మాత్రం మూడు పేర్లు, మూడు గుమ్మాలు.

టైము సంగతి ఒకటి చెప్పాలి. క్రిమినల్ కేసుకి ఇంత పెద్ద నేరాల్లో గడువు లేదు. సివిల్ దావాకి మాత్రం ఉంది. మైనరుకి పద్దెనిమిది నిండాక మహా అయితే మూడేళ్లు, అంతే. ఇరవై ఒకటో ఏట గుమ్మం మూసేస్తారు. ఇరవై ఒకటో ఏట మనం నోరు విప్పి ఏం చెప్పగలిగాం చెప్పు?

ఇది ఎందుకు ఎత్తానంటే, మన హాస్టల్లో ఎనిమిదో తరగతి మధ్యలో పెట్టె సర్దుకుని వెళ్లిపోయిన కుర్రాడు గుర్తున్నాడా? మనం పిరికోడని ఏడిపించాం. ఇంటి మీద బెంగ అనుకున్నాం. మొన్న మాఘమాసంలో ఒక పెళ్లిలో కలిశాడు. కొబ్బరి వ్యాపారంలో బాగా సంపాదించాడు, బట్టతల వచ్చింది. నేను ఏ కేసులు చేస్తున్నానో అడిగాడు. ఇలాంటివి కూడా ఒకటి చూస్తున్నానని చెప్పాను. చేతిలో ప్లేటు అలాగే పట్టుకుని, "ఎన్నేళ్లయినా కేసు పెట్టచ్చంటావా?" అన్నాడు. పెట్టచ్చు అన్నాను. "ఆహా" అని గుత్తివంకాయ వడ్డించే అతన్ని పిలిచాడు. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ రాత్రి నుంచి మన వార్డెను నవ్వు గుర్తొస్తోందిరా నాకు. ఆయనకి మనం పెట్టిన పేరు కూడా. ఆ పేరు ఎందుకు పెట్టామో నీకు గుర్తుందా? నాకు గుర్తు లేదు. లేక గుర్తు తెచ్చుకోదల్చుకోలేదో.

సరే. కార్యదర్శి మీద, విని కూడా ఊరుకున్నందుకు, సెక్షను చేర్చమని పిటిషను తయారుచేశాను. సొసైటీ, ట్రస్టు, పెద్దాయన ముగ్గురినీ కలిపి సివిల్ దావా కూడా వేస్తున్నాను. ఇలాంటిది నేనెప్పుడూ వెయ్యలేదు, మా బార్‌లో ఎవరన్నా వేశారని కూడా వినలేదు. నిలుస్తుందో లేదో నాకే నమ్మకం లేదు. సీనియరుగారు, "ఎంవీఓపీలు చేసుకోక ఎందుకోయ్ నీకు?" అన్నారు. ఇదీ ఎంవీఓపీ లాంటిదే గురువుగారూ, బండి లేదంతే అన్నాను. ఆయన నవ్వలేదు.

నువ్వు ఒక పని చేసిపెట్టు. ఆ ఇంగ్లండు తీర్పు, కెనడా తీర్పు నా దగ్గరున్నాయి గాని ఎల్లిస్ తర్వాత విక్టోరియాలో చేసిన ఆ చట్టం పూర్తి పాఠం శుభ్రంగా ప్రింటు తీసి, సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్రా. ఫోన్లో చదవలేకపోతున్నాను, కళ్లజోడు నంబరు పెరిగింది. చెల్లెమ్మకి పూతరేకులు చెప్పి ఉంచుతాను.

వాన కాస్త తెరిపిచ్చినట్టుంది. పంటు మళ్లీ వెయ్యగానే ఆవిడ వస్తానంది, పిల్లాణ్ణి తీసుకుని. వాడికి లెక్కలు బాగా వచ్చట. నాతో ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు, నా బల్ల మీద క్యాలిక్యులేటరు తీసుకుని నొక్కుకుంటూ కూర్చుంటాడు. ఈసారికి కొత్త బ్యాటరీ వేయించాలి.

ఉంటానురా,
నీ బావ