ఈసారి మోడల్స్ వద్దు, ప్రయోగాలు కావాలి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సంక్రాంతికి ఊళ్లకెళ్లిన పిల్లలు అందరూ తిరిగొచ్చారు, క్లాసులు మళ్లీ గాడిలో పడ్డాయి. బస్ టైమింగ్స్, యూనిట్ టెస్ట్ తేదీలు వెనక పేజీలో ఇచ్చాం, అవి అక్కడ చూసుకోండి. నేను రాస్తున్నది ఒక్క విషయం గురించే. ఫిబ్రవరి 28న జరిగే సైన్స్ డేకి ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఈసారి మోడల్స్ తీసుకోవడం లేదు. థర్మాకోల్ అగ్నిపర్వతం వద్దు, షాపులో కొన్న సౌర కుటుంబం వద్దు, రాత్రి పన్నెండింటి దాకా నాన్న కూర్చుని అతికించిన ప్రాజెక్టు అస్సలు వద్దు. ప్రతి విద్యార్థీ ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేసి, రాసుకున్న నోట్‌బుక్ పట్టుకుని వస్తే చాలు.

కిందటేడు నేను ప్రతి టేబుల్ దగ్గరా ఆగి, "ఇందులో నువ్వు కనుక్కున్నదేంటి నాన్నా?" అని అడిగాను. పిల్లలు పేరాలకి పేరాలు అప్పజెప్పారు, చాలా చక్కగా చెప్పారు కూడా. కానీ ఆ ప్రశ్నకి మాత్రం ఒకళ్లిద్దరు తప్ప ఎవరూ జవాబివ్వలేకపోయారు. అది వాళ్ల తప్పు కాదు, మేం వాళ్లని కనుక్కోమని ఎప్పుడూ అడగలేదు. కాంతి చెదిరినప్పుడు అందులో కొంత రంగు మారుతుందని సి.వి. రామన్ కనుక్కున్న రామన్ ఎఫెక్ట్ 1928 ఫిబ్రవరి 28న బయటపడింది కాబట్టే 1987 నుంచి దేశమంతా ఆ తేదీన సైన్స్ డే జరుపుకుంటున్నాం, అలాంటి రోజున పిల్లలు తాము కనుక్కున్నది ఎంత చిన్నదైనా చేతిలో పట్టుకుని రావాలని నా కోరిక.

డిసెంబర్‌లో జరిగిన ఒక సంగతి చెప్తాను, దాని తర్వాతే ఈ నిర్ణయం తీసుకున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు ల్యాబ్‌లో లోలకం చేస్తుంటే నేనూ వెళ్లి కూర్చున్నాను. దారానికి గుండు కట్టి కొద్దిగా ఊపి వదిలేయడం, ఇరవై ఊపులకి (అటు వెళ్లి తిరిగొస్తే ఒక ఊపు) ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌లో చూడటం, అంతే. ఒక జట్టు చిన్న గుండు తీసేసి కొక్కెం ఉన్న పెద్ద ఇనప గుండు తగిలించింది. చిన్నదానికి 20 సెకన్లు పట్టింది, పెద్దదానికి 21 దాటింది. "మేడమ్, బరువు పెరిగితే లోలకం నెమ్మదిస్తుంది" అని బోర్డు మీద రాసేశారు. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ అదే వచ్చింది. పుస్తకంలోనేమో బరువుతో సంబంధం లేదని ఉంది, వీళ్లు కళ్లారా చూసింది వేరే.

నేను జవాబు చెప్పలేదు. "బరువు కాకుండా ఇంకేమైనా మారిందా?" అని మాత్రం అడిగాను. ఏమీ మారలేదు మేడమ్, దారం అదే, స్టాండ్ అదే, వాచీ అదే అన్నారు. పావుగంట అలా చూస్తూ ఉండిపోయారు. చివరికి ఒకమ్మాయి స్కేలు తెచ్చి, పైన ముడి దగ్గర్నుంచి గుండు మధ్య దాకా కొలిచింది. చిన్న గుండుకి 25 సెంటీమీటర్లు, పెద్దదానికి 28. దారం అదే, కానీ కొక్కెం వల్లా గుండు సైజు వల్లా దాని మధ్యభాగం కిందికి దిగింది, అంటే లోలకం పొడవే మారిపోయింది, పొడవు పెరిగితే లోలకం నెమ్మదిస్తుంది. దారాన్ని కాస్త పైకి ముడేసి మళ్లీ 25 చేసి ఊపారు. 20 ఊపులు, 20 సెకన్లు. ఆ జట్టు వేసిన కేకకి పక్క క్లాసు టీచర్ పరిగెత్తుకొచ్చారు.

ఆ పిల్లలు ఆరోజు నేర్చుకున్నదాన్ని పుస్తకంలో చరరాశులు అంటారు, పిల్లలు వేరియబుల్స్ అంటారు. ప్రయోగంలో మారగలిగేది ఏదైనా వేరియబులే. అందులో ఒకదాన్ని మనం కావాలని మారుస్తాం, దాని వల్ల మారుతుందేమోనని ఇంకోదాన్ని కొలుస్తాం, మిగతావాటిని కదలకుండా పట్టి ఉంచుతాం. చెప్పడానికి మూడు ముక్కలే కానీ కష్టమంతా ఆ మూడోదాంట్లో ఉంది, ఎందుకంటే మారుతున్నదాన్ని మనం గమనించనే గమనించం, లోలకంలో పొడవు మారినట్టు చడీచప్పుడు లేకుండా మారిపోతుంది.

ఇంట్లో దీనికి పెరుగు కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఈ చలికి, రాత్రిళ్లు 15 డిగ్రీల దాకా దిగే రోజుల్లో, పెరుగు సరిగ్గా తోడుకోవడం లేదని అందరిళ్లలోనూ ఒకటే గొడవ. పక్కింటావిడ "నేను హాట్‌బాక్సులో పెట్టాను, గడ్డలా తోడుకుంది" అంటుంది. మంచిదే. కానీ ఆ రోజు ఆవిడ పాలు ఇంకాస్త వేడిగా ఉన్నప్పుడే తోడు వేసిందేమో, రోజూ కంటే ఒక స్పూను ఎక్కువ వేసిందేమో, ప్యాకెట్ మార్చి చిక్కటి పాలు తెచ్చిందేమో. నాలుగు మారాయి, పేరు మాత్రం హాట్‌బాక్సుకి వచ్చింది. నిజంగా హాట్‌బాక్సు గొప్పతనమేనా అని తేలాలంటే ఒకే గిన్నెలో పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక అదే గిన్నెలో తోడు వేసి కలిపి, అప్పుడు రెండు ఒకేలాంటి స్టీలు గ్లాసుల్లో సమానంగా పోసి, ఒకటి హాట్‌బాక్సులో, ఒకటి కిచెన్ గట్టు మీద పెట్టాలి. కలిపాక పంచడంలో ఒక లాభం ఉంది, రెండు గ్లాసుల్లోనూ పాలు, వేడి, తోడు అన్నీ వాటంతటవే ఒకటవుతాయి.

ఇంకో పిల్లవాడికి వేరే ప్రశ్న రావచ్చు, తోడు ఎంత వేస్తే ఎంత త్వరగా తోడుకుంటుంది అని. అప్పుడు నాలుగు గ్లాసులు కావాలి, ఒక్కోదాంట్లో 100 మిల్లీలీటర్ల పాలు. ఒకదాంట్లో అర స్పూను, ఒకదాంట్లో ఒకటి, ఇంకోదాంట్లో రెండు. నాలుగోదాంట్లో అసలు తోడే వేయకూడదు. ఇక్కడ అమ్మలు తప్పకుండా అంటారు, "తోడు లేకుండా పాలు పెడితే పెరుగవుతుందా, దండగ కదా" అని. దయచేసి ఆ గ్లాసు తీసేయనివ్వకండి, ప్రయోగానికి ప్రాణం అదే. అది పాలుగానే ఉండి మిగతావి తోడుకుంటే పని చేసింది మన తోడేనని ధైర్యంగా చెప్పొచ్చు. అది కూడా పులిసి గట్టిపడిందంటే గ్లాసుకి పాత పెరుగు అంటుకుని ఉందో, పాలే పాడవుతున్నాయో, ఏదైనా మిగతా మూడింటి లెక్క కూడా నమ్మలేం. ఇంకో చిన్న మాట, మిగతా గ్లాసుల్ని స్పూనుతో కలుపుతాం కాబట్టి దీన్ని కూడా శుభ్రమైన స్పూనుతో అలాగే కలపాలి, లేకపోతే కలపడం అనే తేడా ఒకటి కొత్తగా వచ్చి చేరుతుంది.

తోడుకోవడం అంటే ఏంటో కూడా ముందే రాసుకోవాలి. "బాగా తోడుకుంది" అనేది కొలత కాదు. గ్లాసు కొంచెం వంచినప్పుడు పైభాగం జారకుండా నిలబడితే తోడుకున్నట్టు, అని ఒక లైన్ నోట్‌బుక్‌లో ఉండాలి, అన్ని గ్లాసుల్నీ అంతే వంచాలి, అదే టైముకి చూడాలి.

పిల్లలు ప్రతి ఏడూ తికమకపడే మాట ఒకటుంది, కంట్రోల్. తోడు వేయని గ్లాసునీ కంట్రోల్ అంటారు, మార్చకుండా ఉంచిన పాలు, వేడి, గ్లాసు లాంటివాటినీ కంట్రోల్డ్ వేరియబుల్స్ అంటారు. రెండూ ఒకటి కాదు. అందుకే ఈసారి నోట్‌బుక్‌లో తెలుగులోనే రాయమంటున్నాం, మొదటిది "పోలిక గ్లాసు", రెండోవి "మార్చనివి". ఇంగ్లిష్ మాటలు పరీక్షలో ఎలాగూ రాస్తారు, ముందు తేడా తెలియనివ్వండి.

ఇది బడి పిల్లల ఆట అనుకోకండి, మన ఊరు ప్రపంచ వైద్య చరిత్రకెక్కింది ఇలాంటి జాగ్రత్త వల్లే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశారు. అంతకుముందు దాదాపు రెండేళ్లు వేరే రకాల దోమల్ని కోసి చూసి ఏమీ దొరక్క విసిగిపోయిన మనిషి. రోగిని కుట్టడానికి ఆయన గాల్లో ఎగిరే దోమల్ని పట్టుకొచ్చి వదల్లేదు. బయటి దోమ అంతకుముందు ఎవరిని కుట్టిందో ఎవరికి తెలుసు? అందుకని నీళ్లలో ఉండే లార్వా దశ నుంచి సీసాల్లో పెంచి, వాటిని మలేరియా ఉన్న హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టనిచ్చారు, కుట్టిన ఒక్కో దోమకీ ఆయనకి ఒక అణా ఇచ్చేవారు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేస్తూ, పరాన్నజీవి ఉన్న పక్షుల్ని కుట్టిన దోమల్నీ, లేని పక్షుల్ని కుట్టిన దోమల్నీ పక్కపక్కన పరీక్షించారు. మన పోలిక గ్లాసు అదే. 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది, ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉంది, పాత ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్లినప్పుడు పిల్లలకి చూపించండి.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, పేరెంట్స్ మీటింగులో నేను వినే మాటలు కూడా ఇలాగే ఉంటాయి. ఒక తండ్రి ఈమధ్య, ట్యూషన్ మార్చాక మా అబ్బాయికి మార్కులు పెరిగాయి మేడమ్, అందర్నీ అక్కడికే పంపించమని చెప్పండి అన్నారు. మాట్లాడుతుంటే తెలిసింది, అదే నెలలో అబ్బాయి చేతిలోంచి ఫోన్ తీసేసుకున్నారు, రాత్రి పదింటికల్లా పడుకోబెడుతున్నారు, పైగా ఆ పరీక్ష పేపర్ కూడా కిందటిసారి కంటే తేలికగా వచ్చింది. ట్యూషన్ వల్ల కాదని నేననడం లేదు. దేనివల్లో చెప్పలేం అంటున్నాను. ఆరోగ్యం గురించి వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌ల సంగతి సరేసరి, ఫలానా కషాయం తాగితే మూడు రోజుల్లో జలుబు తగ్గింది అని ఒకరు పంపితే, తాగనివాళ్లకి ఎన్ని రోజుల్లో తగ్గింది అని అడిగే పిల్ల మన ఇంట్లో ఉండాలి.

ఇప్పుడు మీ పని గురించి. ప్రశ్న పిల్లలదే అయి ఉండాలి, మీరు మూడే అడగండి: ఏం మారుస్తున్నావు, ఏం కొలుస్తున్నావు, మిగతావన్నీ ఒకేలా ఉన్నాయా? ఉదాహరణకి బోరు నీళ్లలో పెసలు త్వరగా మొలకెత్తుతాయా, నల్లా నీళ్లలోనా అని ఒక పాప అడిగిందనుకుందాం. బోరు నీళ్ల గిన్నె బాల్కనీలో, నల్లా నీళ్లది ఫ్రిజ్ పక్కన పెడితే అది నీళ్ల పరీక్ష కాదు, వెచ్చదనం పరీక్ష. రెండూ పక్కపక్కనే ఉండాలి, రోజూ వాటి చోట్లు అటూ ఇటూ మార్చితే ఇంకా మంచిది. ఒక్కో గింజతో చేస్తే కుదరదు, ఆ ఒక్కటీ పుచ్చుదైతే పాపం నీళ్ల మీదికి వెళ్తుంది. గిన్నెకి 20 గింజలు, ఒకే ప్యాకెట్‌లోవి, అదే దూది, అన్నే నీళ్లు. నీళ్లు కొలవడానికి సూది లేని సిరంజి మెడికల్ షాపులో దొరుకుతుంది, దగ్గు మందు సీసా మూత ఉన్నా చాలు, దాని మీద గీతలుంటాయి. ఒక గిన్నెలో 18, ఇంకోదాంట్లో 16 మొలిచాయంటే వెంటనే గెలుపోటములు రాసేయొద్దు, ఆ రెండు గింజల తేడా ఊరికే కూడా రావచ్చు. మళ్లీ చేసి చూడాలి.

అనుకున్నది రాకపోతే దయచేసి మీరు సరిచేయకండి. కిందటేడు ఒక నోట్‌బుక్‌లో అంకెలన్నీ రబ్బరుతో చెరిపి మళ్లీ రాసి ఉన్నాయి. అడిగితే ఆ బాబు కళ్లలో నీళ్లు తిరిగాయి, "పుస్తకంలోలా రాలేదు మేడమ్, మార్కులు పోతాయని టెన్షన్ వచ్చింది" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అందుకే ఈసారి నోట్‌బుక్ పెన్నుతోనే రాయాలి, తప్పయితే ఒక గీత కొట్టి పక్కన రాయాలి, చెరపకూడదు. ఫలితం ఏమొచ్చినా మార్కులు తగ్గవు. రెండు గ్లాసులకీ తేడా ఏమీ రాలేదు అనేది కూడా ఫలితమే, అది నిజాయితీగా రాసి, ఎక్కడ ఏం మారి ఉండొచ్చో ఆలోచించిన పిల్లలకి నేనే స్వయంగా మార్కులు వేస్తాను.

నిప్పు, యాసిడ్, ఇంటి కరెంటు ప్లగ్గు పెట్టే ప్రయోగాలు వద్దు, టార్చి సెల్స్ పర్వాలేదు. కుక్కపిల్లల మీద, చేపల మీద, చెల్లెళ్ల మీద ప్రయోగాలు చేయకూడదు. రాత్రంతా బయట ఉంచిన ప్రయోగం పాలు గానీ పెరుగు గానీ ఎవరూ తాగొద్దు, తినొద్దు, పారబోయండి. పదో తరగతి వాళ్లకి పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి కాబట్టి ఇందులో లేరు, చూడటానికి రావచ్చు.

ఫిబ్రవరి 5లోపు పిల్లలు తమ ప్రశ్నని అర కాగితం మీద ఒక్క వాక్యంలో రాసి క్లాస్ టీచర్‌కి ఇవ్వాలి. ప్రశ్న తట్టని వాళ్లు, ఇంట్లో చోటు లేని వాళ్లు మొహమాటపడొద్దు, శనివారాలు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ల్యాబ్ తెరిచే ఉంటుంది, నేనూ అక్కడే ఉంటాను. స్టాప్‌వాచ్‌లు మాత్రం మా దగ్గర ఆరే ఉన్నాయి, లోలకం చేసేవాళ్లకి ఇంట్లో ఒక పది నిమిషాలు మీ ఫోన్ ఇవ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు