కుంట కోసం తిరిగిన అందరికీ

హైదరాబాద్ శివారులో మా కాలనీ వెనక కుంట ఉంది. దాని పక్కన, 2031 మాస్టర్‌ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్‌గా ఉన్న పొలాలను రెసిడెన్షియల్‌గా మార్చే ఫైలు పోయిన వారం విచారణలో ఆగింది. ముందు రెవెన్యూ, ఇరిగేషన్ వాళ్లు కలిసి సర్వే చేయాలన్నారు. గెలిచామని కాదు, ఆగింది అంతే. ఆ మాత్రానికే చాలామందికి దండం పెట్టాలి.

మొదట మూడో లైన్ టీచరమ్మకు. పేపర్లో అగ్గిపెట్టెంత ప్రకటన, నాలుగు సర్వే నంబర్లు, అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువు. కుంట అన్న మాటే లేదు. ఆ పేపర్లోనే నేను మిర్చి బజ్జీలు తిన్నాను. ఆమె మాత్రం నంబర్లు చూసి పట్టేసింది.

తర్వాత రిటైరైన సర్వేయర్ సార్‌కు. పది రూపాయలు కట్టి ఆర్టీఐ వేద్దామని కూర్చుంటే, "జవాబుకు ముప్పై రోజులు, మీ గడువు పదిహేను. ఎట్లా నాయనా?" అన్నారు. తనే తిరిగి 1954-55 కాస్రా పహాణీ, అంటే పాత భూమి రికార్డు, నకలు తీయించారు. కిటుకంతా అందులోనే ఉంది. దరఖాస్తు నక్షలో కుంట 22 ఎకరాలు, పహాణీలో శిఖం, అంటే కుంట నీళ్ల కింది భూమి, 27. ఐదెకరాలేగా అనుకున్నాం. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి. అంతకు తక్కువైతే 9 చాలు. కాగితం మీద ఐదెకరాలు తగ్గితే కుంట చుట్టూ 21 మీటర్ల పట్టీ ఇళ్లకు వచ్చేస్తుంది! ఎవరు తగ్గించారో నాకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడను.

శిఖమూ ఎఫ్‌టీఎల్లూ ఒకటి కాదని, కొలిస్తేనే తేలుతుందని సారే హెచ్చరించారు. అప్పుడు పాత ఊళ్లో చెరువు నీళ్లు చూసుకున్న నీరటి తాత మనవడు ఆటో పక్కకు పెట్టి వచ్చి, తుమ్మచెట్ల మధ్య పూడిపోయిన అలుగు (కుంట నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) రాళ్లు చూపించాడు. ఆ అలుగు మట్టమే ఎఫ్‌టీఎల్ అని కాలనీలో సగం మంది ఇంజినీర్లకు ఆ రోజే తెలిసింది. నేనూ ఇంజినీరునే.

వానాకాలంలో వలలు ఎక్కడిదాకా వేస్తారో రాసిచ్చిన ముదిరాజ్ సంఘం అన్నలకు, ఒకే జిరాక్సు మీద సంతకాలు కాకుండా ఎవరి అభ్యంతరం వాళ్లే రాయాలని పట్టుబట్టిన లాయరమ్మకు, ఓపికగా అన్నీ చదివిన అధికారికి కూడా కృతజ్ఞతలు. విచారణ రోజు అందరికీ ఉప్మా తెచ్చిందెవరో ఇప్పటికీ తేలలేదు. చెబితే డబ్బులిచ్చేస్తా.

సర్వే బుధవారం పొద్దున ఏడింటికి, తూము దగ్గర. చెప్పులతో రాకండి, బూట్లు వేసుకోండి. అలుగు దాకా తుమ్మముళ్లే.